మూడో పేజీ, రెండో పేరా

లాయరమ్మ రోసలిండ్ ప్రూయిట్ జిరాక్సు కాపీ చేతికిచ్చి అంది:
"అసలు దాని మీద గీత పడకూడదు, పిరోష్కా.
దీని మీద ఎంతైనా గీసుకో.
ఫోన్లో ఎవరికీ చెప్పకు. నీ తమ్ముడికి కూడా."

టొలీడోలో జనవరి. వంటగది కిటికీకి మంచు అట్టకట్టింది.
మేనల్లుడి పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను,
నా పేరు పెట్టుకుని తిరుగుతున్న ఆ ఆడమనిషిని
కలుసుకోడానికి.

ఆమె ఐదడుగుల తొమ్మిదంగుళాలు.
నేను ఉప్పు డబ్బాకి స్టూలెక్కేదాన్ని.
ఆమె కోటు ఆకుపచ్చ. నాది నీలం.
ఇది మాత్రం కొట్టేయలేదు:
చర్చి మలుపులో ఆ పసుపు దీపం కింద
నా కంటికీ అది ఆకుపచ్చే.

తొమ్మిదీ నలభైకి ఆమె అక్కడుంది.
తొమ్మిదీ నలభైకి నేనింకా బస్సులో ఉన్నాను,
ఒళ్లో సీసా, సీసా చుట్టూ తువ్వాలు.
దిగేటప్పుడు డ్రైవరు చింపిచ్చిన చీటీ మీద
తొమ్మిదీ యాభై రెండు.

"చేతిలో గాజు ఆయుధం" అని రాశారు.
చాబా కోసం ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలవి.
ఆయుధం మూత మీద తేదీ
నా చేతిరాతే.

"యువకుణ్ణి ప్రశ్నిస్తున్న అధికారి హావర్టీని
ఛాతీ మీద నెట్టింది. తర్వాత నేల మీద పడింది."
ఇక్కడ పెన్సిలు ముక్కు విరిగింది.
పడింది.
నేనేదో పండుటాకునైనట్టు.
పడింది, పడేశారు:
ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక మనిషి చెయ్యి.
ఆ చేతినే వ్యాకరణంలోంచి లాగేశారు.

మార్జిన్లో ఏదో రాశాను. కాగితం చిరిగేదాకా చెరిపాను.
రోసలిండ్ చెప్పింది గదా, కోపం రాయకు, కొలతలు రాయి అని.
మర్నాడు రాత్రి అదే వేళకి వెళ్లి
చాబాని ఆపిన చోటునుంచి అడుగులు లెక్కపెట్టాను.
వాళ్లు నాలుగన్నారు. నా బూట్లకి పదిహేడు.
తిరిగొస్తూ లెక్కపెడితే పద్దెనిమిది.
రెండూ రాశాను.

"పరాయి భాషలో ఏదో అంది." ఇది నిజం.
"ఏమన్నావు?" అడిగింది రోసలిండ్.
మా అమ్మమ్మ హంగరీ నుంచి ఓడలో తెచ్చుకున్న శాపం:
నీ ఇంట్లో ప్రతి తలుపూ నీ వేళ్ల మీదే మూసుకోవాలి.
ఆమె నవ్వు ఆపుకోడానికి దగ్గింది.
"దీన్ని ముట్టుకోవద్దు. ఏదో అన్నావు. అంతే."

ఇక మూడో పేజీ, రెండో పేరా:
"అధికారి చొక్కా మీద నెత్తుటి మరకలు."
ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నాను.
నెత్తురు ఆరితే తుప్పు రంగుకి తిరుగుతుంది,
అంచుల్లో బిరుసెక్కుతుంది.
బీట్‌రూట్ సిగ్గులేని గులాబీ.
"ఆ చొక్కా చూపించండి, గది ఇవతల నుంచే చెప్తాను."
"నువ్వు చెప్తే చాలదు. ల్యాబు చెప్పాలి.
అడుగుతూ ఉత్తరం పెట్టాను. అతని ఛాతీ మీది కెమెరా కూడా అడిగాను.
ఆ రాత్రి అది పడుకుందట."

తర్వాత కళ్లద్దాలు తీసి అడిగింది:
"మరి నీ మోకాళ్లు? ఇందులో ఎక్కడా లేవు.
ఆ రోజు వేసుకున్న ప్యాంటు ఉందా?"

ఉంది.
ఆ రాత్రి ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా,
సింకు దగ్గర నిలబడ్డాను. చేతులు వాటి పని అవి చేశాయి.
చన్నీళ్లు. గుప్పెడు ఉప్పు. లోపలివైపు నుంచి, గుండ్రంగా.
వేణ్ణీళ్లు తగిలితే నెత్తురు బట్టని పట్టుకుంటుందని
కొత్తగా చేరిన పిల్లలకి నేర్పేది నేనే.

ఉంది, దండెం మీద.
మోకాళ్ల దగ్గర దీపానికి పట్టి చూశాను,
అటు తిప్పి, ఇటు తిప్పి.
ఇరవై రెండేళ్లలో ఇంత బాగా
ఏదీ ఉతకలేదు.